గేటు పక్కన కడప బండ తీసేశారు, అప్పటి నుంచి మా నాన్న మాట్లాడటం తగ్గించారు

తూర్పు_గేటు
మియాపూర్ వైపు ఐదంతస్తుల అపార్ట్‌మెంటు మాది. నలభై ఇళ్ళు. గేటు లోపల, వాచ్‌మన్ గదికి ఆనుకుని ఒక కడప బండ ఉండేది. కట్టడం పూర్తయ్యాక మిగిలిన బండను మేస్త్రీ రెండు ఇటుక దిమ్మల మీద పడేసి పోయాడు. ఎవరూ ప్లాను గీసి పెట్టింది కాదు.

మా నాన్నకు 78 ఏళ్ళు. అమ్మ పోయాక ఊళ్ళో ఇంటికి తాళం వేసి మా దగ్గరికి వచ్చారు. రోజూ సాయంత్రం నాలుగున్నరకు చొక్కా మార్చుకుని, చేతిరుమాలు మడిచి జేబులో పెట్టుకుని, ఉద్యోగానికి బయలుదేరినట్టు కిందికి దిగేవారు. ఏడింటికి పైకి వచ్చేవారు. వస్తూ కబుర్లు మోసుకొచ్చేవారు. ఎదురింటి వాళ్ళ కుక్కకు జబ్బు చేసిందనీ, ఇస్త్రీ బండి అతని కూతురికి పాలిటెక్నిక్‌లో సీటు వచ్చిందనీ.

పోయిన నెల అసోసియేషన్ వాళ్ళు ఆ బండ తీయించేశారు. అడిగితే ‘భద్రత’ అన్నారు. ఇప్పుడు కూడా నాన్న నాలుగున్నరకు చొక్కా మార్చుకుంటున్నారు. మార్చుకుని సోఫాలో కూర్చుంటున్నారు.

ఒక రాతి బండ గురించి ఇంతగా బాధపడటం నా పిచ్చేనా? మీ దగ్గర ఇలాంటివి జరిగాయా? దాన్ని మళ్ళీ పెట్టించడానికి దారేమైనా ఉందా?

టీ_తాగుతూ
బండ ఈశాన్యంలో ఉందా? ఉంటే భద్రత కాదు, వాస్తు. ఈశాన్యంలో బరువు పెడితే సెక్రటరీకి ప్రమోషన్ ఆగిపోతుందని ఎవరో చెప్పి ఉంటారు.

గోదారి_గట్టు
పిచ్చి కాదండీ. మీ నాన్నగారికి పోయింది బండ కాదు, వీధి అరుగు. మా అమలాపురం వైపు మండువా లోగిళ్ళు చూసే ఉంటారు. నాలుగు పక్కలా పెంకుల వసారాలు, నడుమ ఆకాశం కనిపించే మండువా, వాన నీళ్ళన్నీ అందులో పడి తూములోంచి బయటికి పోవడం. అందరూ ఆ మండువా ఫొటోలే తీస్తారు. కానీ ఇల్లు బతికేది వీధి వైపు అరుగుల మీద. తలుపుకు అటొకటి, ఇటొకటి. దారిన పోయేవాడు ఎండకు కాసేపు నడుం వాలిస్తే ఎవరూ లేపేవారు కాదు. మా తాతగారి అరుగు మీద రెండు గుంటలు ఉండేవి, పులి జూదం గళ్ళు చెక్కి ఉండేవి. వీధి బడులు కూడా అరుగుల మీదే నడిచాయి. మద్రాసు గవర్నరుగా మన్రో 1822లో నాటు బడుల లెక్క తీయించిన నాటికి ఇవి ఊరూరా ఉండేవి. ఇంగ్లీషు రాతల్లో వాటికి ‘పయల్ స్కూళ్ళు’ అని పేరు. పయల్ అంటే అరుగే.

బడి, న్యాయం, పెళ్ళి సంబంధం, పేకాట, నిద్ర. ఇన్నింటికీ రెండడుగుల వెడల్పు గట్టు సరిపోయింది. ఇప్పుడు క్లబ్ హౌసు కట్టి తాళం వేసుకుంటున్నాం.

నాలుగో_అంతస్తు
మా క్లబ్ హౌసుకు తాళమే కాదు, వేలిముద్ర యంత్రం కూడా ఉంది. మా అత్తగారి వేలి గీతలు అంట్లు తోమి తోమి అరిగిపోయాయి. యంత్రం ఆవిడను గుర్తుపట్టదు.

ఊరి_చివర
గోదారి గట్టు గారూ, దారిన పోయేవాడు ఎవరైనా పడుకోవచ్చన్నారు. ఎవరైనానా?

మా తాత అదే అరుగుల ముందు నుంచి చెప్పులు చేత పట్టుకుని నడిచాడు. కూలి డబ్బులు అడగడానికి వెళ్తే అరుగు కింద, మట్టిలో నిలబడాలి. పైన కూర్చున్నవాడు డబ్బులు విసిరేవాడు, చేతికి ఇచ్చేవాడు కాదు. అరుగు ఎత్తు ఎందుకు పెట్టారో మీకు పులి జూదం వైపు నుంచి తెలుసు, మాకు కింది నుంచి తెలుసు. ఆ అరుగు బడిలో మా వాళ్ళు ఒక్కరైనా అక్షరం దిద్దారా?

గేటు దగ్గరి బండ తీసేయడం నాకూ నచ్చలేదు. కానీ ‘ఆ రోజుల్లో’ అని మొదలుపెడితే మాత్రం నేను ఒప్పుకోను.

పాలమూరు_వాసి
పైమాటకు నా మాట కూడా కలపండి. మా వైపు దొర గడీ ముందు నుంచి వెళ్ళాలంటే చెప్పులు విడవాలి, తలపాగా తీయాలి. ఆ గోడల ఎత్తు చూస్తే చాలు, లోపల ఎవరున్నారో కనిపించనక్కర లేదు. కట్టినవాడు ఏం చెప్పదలచుకున్నాడో గోడే చెప్పేది. అదీ ఒక డిజైనే.

గోదారి_గట్టు
ఊరి చివర గారూ, మీ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ‘ఎవరైనా’ అని రాసేటప్పుడు నా కళ్ళ ముందున్నది మా వీధి వాళ్ళే. మా తాతగారు ఎవరిని ఎక్కడ నిలబెట్టారో నేను ఎప్పుడూ అడగలేదు.

పెరటి_జామ
మగవాళ్ళు అరుగుల గురించి తగువులాడుకుంటుంటే నవ్వొస్తోంది. మా అమ్మమ్మ అరవై ఏళ్ళు కాపురం చేసిన ఇంట్లో వీధి అరుగు మీద కూర్చోవడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఆవిడ స్థలం వెనక ఉండేది. బావి గట్టు, రుబ్బురోలు, తులసి కోట, పక్కింటి గోడలో చిన్న సందు. ఆ సందులోంచి గిన్నెడు మజ్జిగా, ఊరి సంగతులన్నీ అటూ ఇటూ నడిచేవి. మా తాతయ్యకు అరుగు మీద తెలిసే సంగతి ఆవిడకు రెండు గంటల ముందే తెలిసేది.

అపార్ట్‌మెంటులో ముందు అరుగు పోయిందని అందరూ ఏడుస్తారు. పెరడు పోయిందని ఏడ్చేవాళ్ళు తక్కువ. మా ఫ్లాటులో పెరడంటే వాషింగ్ మెషీను పట్టేంత చోటు. అక్కడ గిన్నెలు తోమే అమ్మాయి నిలబడితే నేను వంటింట్లోంచి బయటికి రాలేను. వంటింటి గట్టు 34 అంగుళాలు. నా ఎత్తు నాలుగడుగుల పదకొండు. కుక్కరు మూత తీయాలంటే మునివేళ్ళ మీద నిలబడాలి. గీసినవాడు ఒక్కనాడు కూడా పప్పు తాలింపు వేసి ఉండడు.

ఇందూరు_సంధ్య
పెరటి జామ గారూ, అన్ని చోట్లా అలా కాదు. మా నిజామాబాద్, జగిత్యాల పల్లెల్లో బీడీలు చుట్టే ఆడవాళ్ళు అరుగుల మీదే కూర్చుంటారు. ఒళ్ళో చేట, అందులో తునికాకు, తంబాకు, దారం. అయిదారుగురు ఒకే అరుగు మీద. చేతులు వాటంతట అవే ఆడుతుంటాయి, నోరు మాట్లాడుతుంటుంది. మా అమ్మ అలాగే నన్ను చదివించింది. అరుగు మా ఇళ్ళలో మగవాళ్ళ తీరిక చోటు కాదు, ఆడవాళ్ళ పని చోటు. లోపల చీకటి, కరెంటు ఖర్చు. బయటైతే వెలుతురు ఉచితం.

టీ_తాగుతూ
అరుగు మీద ఇప్పటికి నాలుగు రాష్ట్ర మహాసభలు అయ్యాయి. తూర్పు గేటు గారి నాన్నగారు ఇంకా సోఫాలోనే ఉన్నారు.

సెక్రటరీ_బాధలు
నేను వేరే అపార్ట్‌మెంటుకు సెక్రటరీని. ఆ పాపం నేనూ చేశాను కాబట్టి రెండో వైపు కూడా వినండి.

మా గేటు దగ్గరా బల్ల ఉండేది. మధ్యాహ్నం డెలివరీ కుర్రాళ్ళు కూర్చునేవారు. సిగరెట్ పీకలు, గుట్కా మరకలు. మూడో అంతస్తు ఆవిడ తన పిల్లను చూసి ఎవరో పాట పాడారని ఫిర్యాదు చేసింది. ఒకసారి రెండు సైకిళ్ళు పోయాయి. ఎవరు తీశారో తెలియదు, కానీ అందరూ బల్ల వైపే చూశారు. సమావేశంలో నలభై మంది నా మీద అరిచారు. బల్ల తీయించడానికి ఆరు వందలు ఖర్చయింది. ఫిర్యాదులు ఆగిపోయాయి. జీతం లేని ఉద్యోగం ఇది. మీరైతే ఏం చేసేవారు?

ఊరి_చివర
సైకిళ్ళు దొరికాయా?

సెక్రటరీ_బాధలు
దొరకలేదు. బల్ల తీశాక ఇంకోటి పోయింది. నిజం చెప్పాలి కదా.

కొలత_టేపు
నేను ఆర్కిటెక్టును, విజయవాడ. అరుగు ఎందుకు పోయిందో నా వృత్తి వైపు నుంచి చెబుతాను. మనుషుల మనసులు ఇరుకై పోయాయని అందరూ అంటారు కానీ సగం తప్పు కొలతలది.

పాత ఇంటి గోడ వీధిలోకే ఉండేది. అరుగు ఆ గోడకు అంటుకుని ఉండేది. అంటే ఇంటికీ వీధికీ మధ్య అరుగు తప్ప ఇంకేమీ లేదు. కొత్త నియమాల ప్రకారం స్థలం విస్తీర్ణాన్ని, భవనం ఎత్తును బట్టి చుట్టూ ఖాళీ వదలాలి. మన దగ్గర 2012లో వచ్చిన 168వ నంబరు జీవోలో ఆ లెక్కల పట్టికలే ఉన్నాయి. గాలికి, వెలుతురుకు, ఫైరింజను తిరగడానికి ఆ ఖాళీ కావలసిందే, దాన్ని నేను తప్పు పట్టను. కానీ ఇల్లు వెనక్కి జరిగాక హద్దు మీద ప్రహరీ లేచింది. అరుగు గోడకు లోపల చిక్కుకుపోయింది. వీధి కనిపించని అరుగు మీద ఎవరు కూర్చుంటారు?

తరవాత స్టిల్టు పార్కింగు. కింది అంతస్తు మొత్తం కార్లకు ఇచ్చేశాం. వీధి మట్టంలో మనిషి అనేవాడు కాపురం ఉండడు, వాచ్‌మన్ కుటుంబం తప్ప. మూడోది ఎవరూ గమనించరు: రోడ్డు. పాతది తవ్వకుండా దాని మీదే కొత్తది వేసుకుంటూ పోతారు. మా పాత వీధిలో నా చిన్నప్పుడు నడుం దాకా వచ్చే అరుగులు ఇప్పుడు మోకాలి కిందికి దిగాయి. రెండు ఇళ్ళలో వాన నీళ్ళు గడప దాటి లోపలికి వస్తున్నాయి. అరుగును ఎవరూ పడగొట్టలేదు, రోడ్డే పైకి లేచి మింగేసింది.

విశాఖ_అల
మా పాత ఇంట్లోనూ అంతే. మెట్లు మూడు ఉండేవి, ఇప్పుడు ఒకటి. అమ్మ మాత్రం సంతోషంగా ఉంది, మోకాళ్ళ నొప్పులట.

చక్రాల_కుర్చీ
మెట్ల మాట వచ్చింది కాబట్టి. నేను పదకొండేళ్ళుగా చక్రాల కుర్చీలో ఉన్నాను. మీ అరుగులు, గడపలు, లోగిళ్ళు అన్నీ నాకు ఒకే మాట చెబుతాయి, ‘నువ్వు బయటే ఉండు’ అని. పాత ఇళ్ళ మీద బెంగ పెట్టుకునే మనిషిని కాదు నేను.

కొత్తవి మేలా అంటే అదీ లేదు. 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. ర్యాంపు లేకుండా ప్లాను ఒప్పుకోరు. అందుకని ప్లానులో ర్యాంపు ఉంటుంది, నేల మీద జారుడు బల్ల ఉంటుంది. ఒక అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండడుగుల పొడవు వాలు కావాలి. మూడడుగుల మెట్లు ఉంటే 36 అడుగులు. మా అపార్ట్‌మెంటులో మూడడుగులకు తొమ్మిది అడుగులు కట్టారు. ఒకసారి ఇద్దరు పట్టుకుని దించుతుంటే కుర్చీ చేజారి నేను పూల కుండీలో పడ్డాను. ఇప్పుడు ఆ ర్యాంపు మీద పాల క్యాన్లు పెడుతున్నారు.

ఫుట్‌పాత్ సంగతి. బైకులు ఎక్కకుండా మొదట్లో ఇనప గుంజలు పాతుతారు. బైకు వాడు బండిని వంచి ఆ సందులోంచి దూరిపోతాడు. నా కుర్చీ పట్టదు. ఎవరిని ఆపాలని పెట్టారో వాళ్ళు వెళ్తున్నారు, ఎవరి కోసం ఫుట్‌పాత్ కట్టారో వాళ్ళు ఆగిపోతున్నారు.

కొలత_టేపు
ప్రమాణం ప్రకారం ఫుట్‌పాత్ మీద అడ్డం లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి, అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పుస్తకంలో ఎన్నాళ్ళ నుంచో ఉంది. మా ఊళ్ళో ఒక ఫుట్‌పాత్ మీద టేపు పెడితే ఒకటిన్నర అడుగుల ఎత్తు తేలింది. అది ఫుట్‌పాత్ కాదు, వేదిక. ఎక్కి ఉపన్యాసం ఇవ్వొచ్చు.

నాలుగో_అంతస్తు
అసలు ఎవరూ మాట్లాడని సంగతి ఒకటి రాస్తాను. అశుభం అనుకోకండి.

మా మామగారు ఇంట్లోనే పోయారు. నాలుగో అంతస్తు. లిఫ్టులో రేకు మీద ‘ఆరుగురు, 408 కేజీలు’ అని ఉంటుంది. ఆయన 60 కేజీలు కూడా లేరు. కానీ లిఫ్టు లోతు మూడడుగుల చిల్లర, ఆయన ఎత్తు ఐదడుగుల తొమ్మిది. పడుకోబెట్టి దించే వీలు లేదు. మెట్ల మలుపులో పాడె తిరగలేదు. చివరికి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, చీరతో కట్టి, లిఫ్టులో మా ఆయన పక్కన నిలబడి కిందికి తెచ్చారు. ఆ రెండు నిమిషాలు లిఫ్టు అద్దంలో తండ్రిని చూస్తూ నిలబడ్డానని మా ఆయన ఇప్పటికీ అంటారు.

కిందికి తెచ్చాక ఎక్కడ పడుకోబెట్టాలి? కార్లు తీయమని ఇంటింటికీ ఫోన్లు చేశాం. ఒకాయన అమెరికాలో ఉన్నాడు, తాళం ఎవరి దగ్గరుందో తెలియదు. ఆయన కారుకూ స్తంభానికీ మధ్య పడుకోబెట్టాం. మాది సొంత ఇల్లు కాబట్టి ఆ మాత్రమైనా జరిగింది. అద్దెకుండేవాళ్ళయితే శవాన్ని గేటు లోపలికే రానివ్వని ఇళ్ళున్నాయి, పేపర్లో చూస్తూనే ఉన్నాం.

గోదారి_గట్టు
చదివాక కాసేపు ఏమీ రాయబుద్ధి కాలేదు.

సింగపూర్_సుబ్బు
నాలుగో అంతస్తు గారూ, మీరు రాసింది చదివి ఇక్కడి సంగతి చెప్పాలనిపించింది. సింగపూర్‌లో పదిమందిలో ఎనిమిది మంది దాకా ఉండేది ప్రభుత్వ హౌసింగ్ బోర్డు కట్టిన ఫ్లాట్లలోనే. చాలా భవనాల్లో కింది అంతస్తు ఖాళీగా వదిలేస్తారు. ‘వాయిడ్ డెక్’ అంటారు. చూడటానికి మన స్టిల్టు లాగే స్తంభాలు, నేల. తేడా ఒక్కటే, అక్కడ కార్లు ఉండవు. చదరంగం గళ్ళు వేసిన రాతి బల్లలు, చుట్టూ ముసలివాళ్ళు. శనివారం మలయ్ పెళ్ళి జరుగుతుంది, బిర్యానీ వాసన పన్నెండో అంతస్తు దాకా వస్తుంది. మంగళవారం అదే చోట చైనీయుల శవ జాగరణ. టౌన్ కౌన్సిల్ దగ్గర అనుమతి తీసుకుంటే చాలు. శవం ఎక్కడ పెట్టాలి అనే ప్రశ్నే రాదు. చావు కూడా ఇంటి ప్లానులో ఉంది.

స్వర్గమని అనను. బంతి ఆడకూడదు, సైకిలు తొక్కకూడదు అని గోడల నిండా బోర్డులే. మా పక్క బ్లాకులో చప్పుడు గోల అని ఫిర్యాదు వస్తే బల్లలు తీసేశారు. సెక్రటరీలు అన్ని దేశాల్లోనూ ఉంటారు.

సెక్రటరీ_బాధలు
ఆ సెక్రటరీకి నా సానుభూతి.

ఎడిసన్_అల్లుడు
మా అమ్మానాన్నలు న్యూజెర్సీ వచ్చినప్పుడు నాన్న గరాజు తలుపు పైకెత్తి, అందులో మడత కుర్చీ వేసుకుని కూర్చున్నారు. వీధి చూడటానికి. వీధిలో ఏముంది? ఎదురింటి గరాజు తలుపు. కారు వస్తుంది, తలుపు లేస్తుంది, కారు లోపలికి పోతుంది, తలుపు మూసుకుంటుంది. మనిషి కనిపించడు. మూడు రోజులు చూసి ‘వీళ్ళు కార్లకు ఇళ్ళు కట్టి, వెనక వీళ్ళు ఉంటారా?’ అన్నారు. నాలుగో రోజు పక్కింటావిడ వచ్చి ‘అంతా క్షేమమేనా’ అని అడిగింది. తలుపు తెరిచి ఉంటే ఏదో ఆపద అనుకుందట.

వారాంతంలో మనవాళ్ళ షాపులుండే ఓక్‌ట్రీ రోడ్డుకు తీసుకెళ్తే మాత్రం ఆయన మొహం వెలిగేది. కొనేది ఏమీ లేదు. షాపు బయట గోడకు ఆనుకుని నిలబడి జనాన్ని చూసేవారు.

కొలత_టేపు
ఆయన చేసిన పనినే న్యూయార్క్‌లో విలియం వైట్ అనే ఆయన కెమెరా పెట్టి చేశారు, 1970లలో. పెద్ద భవనాల ముందు చదునైన ఖాళీల్లో కొన్ని కిటకిటలాడేవి, కొన్ని ఎడారులు. ఎందుకని గంటల తరబడి చిత్రీకరించి లెక్క కట్టారు. తేలింది చాలా చిన్న విషయం: కూర్చునే చోటు ఉన్న దగ్గరే జనం కూర్చుంటారు. చదివితే నవ్వొస్తుంది. కానీ ఆ నగరం 1975లో దాన్ని నియమంగా రాసుకుంది, ప్రతి 30 చదరపు అడుగుల ఖాళీకి ఒక అడుగు పొడవు కూర్చునే గట్టు ఉండాలని. మనకు ఖాళీ వదలాలనే నియమం ఉంది, అందులో కూర్చునేందుకు గట్టు కట్టాలనే నియమం లేదు. ఆ ఖాళీలో జనరేటరు పెడతాం.

మన దేశంలో కావాలంటే ఆర్కిటెక్టు బాలకృష్ణ దోషి ఇండోర్‌లో చేసిన అరణ్య కాలనీ చూడండి. పేదవాళ్ళ కోసం ఆరున్నర వేల ఇళ్ళ స్థలాలు. అందరికీ ఇల్లు కట్టి ఇవ్వలేదు. చాలామందికి పునాది దిమ్మ, నీళ్ళు, మరుగుదొడ్డి ఇచ్చి మిగతాది డబ్బు చేతికొచ్చినప్పుడు కట్టుకోమన్నారు. దారి చూపడానికి ఒక ఎనభై ఇళ్ళు నమూనాగా కట్టారు. వాటికి వీధి వైపు మెట్లూ అరుగూ. గుజరాతీలు ‘ఓట్లో’ అంటారు, తమిళులు ‘తిణ్ణై’, కన్నడిగులు ‘జగలి’. 2018లో ఆయనకు ఆర్కిటెక్టుల నోబెల్ అనే ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది, భారతీయుల్లో మొదటిసారి. మన హైదరాబాదులో ఈసీఐఎల్ టౌన్‌షిప్ కూడా ఆయన గీసిందే.

బస్తీ_బాలమణి
పునాది ఇచ్చి కట్టుకోమన్నది బాగుంది. మాకు కట్టి ఇచ్చారు, డబుల్ బెడ్‌రూం. 560 చదరపు అడుగులు, తొమ్మిదో అంతస్తు. ఇల్లు మంచిది, అబద్ధం చెప్పను. బస్తీలో వానొస్తే మంచం ఎక్కి కూర్చునేవాళ్ళం. ఇక్కడ గచ్చు తడవదు.

కానీ బస్తీలో నేను గడప దగ్గర కూర్చుని మిర్చి బజ్జీలు వేసేదాన్ని. రోజుకు మూడు నాలుగు వందలు. తొమ్మిదో అంతస్తులో ఎవరు వచ్చి బజ్జీలు తింటారు? కింద బండి పెడదామంటే గేటు బయటే పెట్టుకోవాలన్నారు, బయట రోడ్డు మీద మనిషి లేడు. ఇల్లు వచ్చింది, గడప పోయింది. ఇప్పుడు మా అంతస్తు వరండాలో అందరం తలుపులు తీసి కూర్చుంటాం. వడియాలు అక్కడే, పిల్లల చదువులు అక్కడే. గీసినవాళ్ళు అది నడవడానికి అనుకున్నారు, మేం అరుగు చేసుకున్నాం.

ఊరి_చివర
బాలమణి గారి పోస్టు పైన వచ్చిన వాటన్నిటికంటే విలువైనది.

నా బాధ ఇదే. స్థలం గురించి మాట్లాడితే అందం, గాలి, వెలుతురు అంటారు. ఎవరు ఎక్కడ ఉండొచ్చు అన్నది దాస్తారు. 1985లో కారంచేడు రగిలింది మంచినీళ్ళ చెరువు దగ్గర మొదలైన గొడవతో. చెరువు అందరిదే, ఎవరు ఏ పని చేయొచ్చు అన్నది అందరిదీ కాదు. తూర్పు గేటు గారూ, ఒకటి అడుగుతాను, తప్పుగా అనుకోకండి. మీ బండ మళ్ళీ వస్తే డెలివరీ కుర్రాడు దాని మీద కూర్చోవచ్చా?

తూర్పు_గేటు
ఊరి చివర గారి ప్రశ్న చదివి రెండు రోజులు జవాబు రాయలేదు. మొదటి పోస్టు రాసినప్పుడు నాకు ఆ ఆలోచనే లేదు. నాన్న కోసం రాశాను.

ఈలోగా సమావేశం మినిట్స్ పుస్తకం అడిగి చూశాను. బండ తీయడానికి కారణాలు మూడు రాశారు. ఒకటి భద్రత, రెండు బయటివాళ్ళు కూర్చుంటున్నారు, మూడు (టీ తాగుతూ గారూ, నీళ్ళు తాగి చదవండి) ‘ఈశాన్యంలో బరువు’.

టీ_తాగుతూ
నాకు జ్యోతిషం ఫీజు ఎవరు పంపుతారు?

వాస్తుతో వచ్చినదాన్ని వాస్తుతోనే కొట్టండి. మీ పేరు తూర్పు గేటు, అంటే రోడ్డు తూర్పున. రోడ్డు వైపు రెండు మూలలు ఉంటాయి, ఈశాన్యం ఒకటి, ఆగ్నేయం ఇంకొకటి. ఆగ్నేయంలో నిప్పు మంచిది. అక్కడ ఏముంది?

తూర్పు_గేటు
ఇస్త్రీ బండి! బొగ్గుల పెట్టె!

టీ_తాగుతూ
ఇంకేం. శాస్త్రం సిద్ధం.

పెరటి_జామ
నవ్వి నవ్వి పొలమారింది. కానీ పెద్దాయన అక్కడ కూర్చుంటే వీధి కనిపిస్తుందా? అది ముందు చూడండి. మా దగ్గర ముసలివాళ్ళ కోసమని వెనక తోటలో నాలుగు బల్లలు వేశారు. పూల మొక్కలు, ఫౌంటెను. ఒక్కరూ వెళ్ళరు. పూలను ఎంతసేపు చూస్తారు?

కొలత_టేపు
సరిగ్గా చెప్పారు. గోడ మూడున్నర అడుగులకు మించితే కూర్చున్నవారికి వీధి కనిపించదు. అక్కడ ఒక ఆరడుగుల మేర గోడ తగ్గించి పైన ఇనప జాలీ పెట్టండి. బండ ఎత్తు 18 అంగుళాలు, ముసలివాళ్ళు లేవడానికి చేతులు ఆనించే దిమ్మ ఒక పక్కన.

చక్రాల_కుర్చీ
బండ పక్కనే మూడడుగుల ఖాళీ వదలండి, చదునుగా. నాలాంటివాడు వస్తే ఎదురుగా కాదు, పక్కన ఆగాలి. ఎదురుగా ఆగితే ఇంటర్వ్యూకి వచ్చినట్టుంటుంది.

తూర్పు_గేటు
ఆదివారం సమావేశం అయింది. ఆగ్నేయం సిద్ధాంతం నేను కాదు, మా పక్కింటి రిటైర్డు లెక్కల మాస్టారు చెప్పారు, మొహంలో నవ్వు లేకుండా. సెక్రటరీ గారు తల ఊపారు. ఖర్చు నేనూ మాస్టారూ సగం సగం.

కానీ ఒకావిడ షరతు పెట్టారు, బండ మీద ‘నివాసితులకు మాత్రమే’ అని రాయాలని. చాలామంది సరే అన్నారు. నేనూ సరే అనబోయాను, పని అయిపోతుంది కదా అని. వెనక కుర్చీలో మా నాన్న ఉన్నారు. ఆయన సమావేశాల్లో మాట్లాడరు. లేచి, ‘నివాసితులు ఎవరమ్మా నాలుగున్నరకు ఉండేది? అందరూ ఆఫీసుల్లో ఉంటారు. నాతో మాట్లాడేది ఇస్త్రీ అతను, వాచ్‌మన్, ఆ సంచీల పిల్లలు. వాళ్ళు కూర్చోకూడదంటే నాకు బండ ఎందుకు, పైన సోఫా ఉంది’ అని కూర్చున్నారు.

బోర్డు లేదు. గుట్కా ఉమ్మకూడదని మాత్రం రాస్తారట, అది న్యాయమే.

ఊరి_చివర
మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పండి. ఆ బోర్డు ఆరు నెలల తరవాత మళ్ళీ వస్తుంది, చూస్తూ ఉండండి.

సెక్రటరీ_బాధలు
పక్కన చెత్తబుట్ట పెట్టించండి. మా దగ్గర బల్ల తీశాం కానీ బుట్ట పెట్టి చూడలేదు. ఇప్పుడు అనిపిస్తోంది.

తూర్పు_గేటు
ఈ సాయంత్రం మేస్త్రీ వచ్చాడు. పాత కడప బండ జనరేటరు వెనకే పడి ఉంది, ఒక మూల విరిగింది, పరవాలేదన్నాడు. గోడ జాలీకి ఇంకో వారం పడుతుంది. ఇటుకలు సిమెంటు లేకుండా పేర్చి ‘ఎత్తు చూడండి సార్’ అన్నాడు. నేను టేపు తీసేలోపే నాన్న వెళ్ళి ఇటుకల మీద కూర్చున్నారు. కాళ్ళు నేలకు ఆనాయి. లేచారు, మళ్ళీ కూర్చున్నారు. ఇస్త్రీ అతన్ని పిలిచి కూర్చోమన్నారు. అతను పొడగరి, మోకాళ్ళు గడ్డం దగ్గరికి వచ్చాయి.

‘ఇంకో వరస వెయ్యి’ అన్నారు మేస్త్రీతో.